పళ్ళ మావయ్య, అత్తయ్య ఈల

మా మావయ్య పళ్ళు చేస్తాడు. పళ్ళ డాక్టరు కాదు. ఎవరైనా అలా అంటే గాభరాపడి తల అడ్డంగా ఊపేస్తాడు. డాక్టర్లు పళ్ళు పీకేశాక ఆ బోసినోట్లోకి వచ్చే కట్టుడు పళ్ళు ఉంటాయి చూడండి, అవి చేసేది మా మావయ్య. నోరు ఆయన కంటపడదు. నోటి అచ్చు తీసి డాక్టర్లు పంపిస్తారు. ఆయన అందులో ప్లాస్టర్ పోసి దవడ తయారు చేసుకుని, గులాబీ రంగు మైనంతో చిగురు కట్టి, ట్రేలోంచి ఒక్కొక్క పన్నూ ఏరి, పెళ్ళిపందిట్లో కుర్చీలు వేసినంత శ్రద్ధగా వరసలో నిలబెడతాడు. వీధిలో చిన్నాపెద్దా అందరికీ ఆయన పళ్ళ మావయ్యే. ఆయన కన్నా వయసులో పెద్దవాళ్ళు కూడా అలాగే పిలుస్తారు. నిజంగా మేనకోడల్ని నేనొక్కదాన్నే. ఆ హక్కు మీదే ఇదంతా రాస్తున్నాను.

నేను కళ్ళజోళ్ళ దుకాణంలో పని చేస్తాను. మన ఇంటిల్లిపాదీ జనాల మొహాల మీద పడి బతుకుతున్నామని మా అమ్మ అంటుంది.

మావయ్య పనిగది ఇంటి కింద ఉంటుంది. పొడుగ్గా, ఇరుగ్గా, రైలుపెట్టెలాంటి గది. కిటికీ దగ్గర బల్ల, దాని మీద స్పిరిట్ దీపం, మైనం చెక్కే చిన్న చాకులు, ఎప్పుడు చూసినా ప్లాస్టర్ అంటుకుని ఉండే రబ్బరు గిన్నె. ఓ మూల పాలిష్ మోటారు. అది తిరగడం మొదలుపెడితే పక్కన నిలబడి అరిచినా వినపడదు. గోడల నిండా అరలు, అరల నిండా ప్లాస్టర్ దవడలు. చిన్నప్పుడు ఆ గదిలో అడుగు పెడితే అందరూ కలిసి నన్ను చూసి నవ్వుతున్నట్టు ఉండేది. ఏడ్చుకుంటూ పైకి పరిగెత్తేదాన్ని.

ఆయనకి మనుషుల మొహాలు గుర్తుండవు, పళ్ళు గుర్తుంటాయి. ఒకసారి బస్సులో ఎదురుగా కూర్చున్న పెద్దావిడ ఆవలించింది. మావయ్య నా మోచేతి మీద పొడిచి, "పైదవడ మనదే," అన్నాడు. గుసగుసగా అన్నాననుకున్నాడు గానీ మోటారు పక్కన పనిచేసి పనిచేసి ఆయన గుసగుస కూడా కేకలాగే ఉంటుంది. పాపం ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, దిగేదాకా తీయలేదు.

మాట్లాడేటప్పుడు మన నోటి వంకే కన్నార్పకుండా చూస్తాడు. కొత్తవాళ్ళు, ఎంత శ్రద్ధగా వింటున్నాడో అని మురిసిపోయి కడుపులో ఉన్నదంతా చెప్పుకుంటారు. నేనూ ఆ పొరపాటు చేశాను. ఇరవైల్లో ఉన్నప్పుడు, ఒకడు నా మనసు విరిచేసి వెళ్ళిపోయాడని ఆయన బల్ల పక్కన కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. మావయ్య అంతా విని, బరువుగా నిట్టూర్చి, "అమ్మడూ, నీకు కుడివైపు జ్ఞానదంతం వస్తోందే," అన్నాడు. చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. జ్ఞానదంతం మాత్రం వచ్చింది.

అత్తయ్యతో పరిచయం కూడా పళ్ళ పుణ్యమే. వాళ్ళ నాన్న కట్టుడు పళ్ళు చిగుళ్ళకి గుచ్చుకుంటున్నాయని సరిచేయించడానికి ఆవిడే స్వయంగా పట్టుకొచ్చింది. అరల్లో దవడలన్నీ చూసి పగలబడి నవ్విందట. నవ్వితే ముందుపళ్ళ మధ్య సందు కనపడింది. చిన్నది కాదు, ఏకంగా ఒక బియ్యపుగింజ పట్టేంత సందు. మావయ్య తన జీవితంలో పరాయి ఆడపిల్లతో ధైర్యం చేసి అన్న మొదటి మాట, "ఆ సందు మూసెయ్యొచ్చండీ, పెద్ద పనేం కాదు," అని. ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసి, "మూస్తే ఈల ఎలా వెయ్యను?" అని అడిగి, ఆ సందులోంచి నాలుక కొసతో ఈల వేసి చూపించిందట. తిరుగుతున్న మోటారుని దాటుకుని మరీ వినపడిందట. "అప్పుడే అనుకున్నా," అంటాడు మావయ్య. ఏమనుకున్నాడో ఎప్పుడూ చెప్పడు, ముసిముసిగా నవ్వుతాడు.

పెళ్ళయ్యాక ఆ ఈలే ఇంటికి గంట అయింది. ఎవరి గొంతూ చేరని ఆ గదిలోకి మేడ మీది వంటింట్లోంచి అత్తయ్య ఈల చేరేది. పొట్టి ఈల వేస్తే భోజనానికి రమ్మని. రెండు వేస్తే ఎవరో వచ్చారని. పొడుగ్గా సాగదీసి వేస్తే, ఇంక ఆ పని కట్టిపెట్టి పైకి వస్తారా లేదా అని. మా అమ్మమ్మ మొదట్లో, "ఇంటి కోడలు ఈలలు వేయడమేమిటే!" అని బుగ్గలు నొక్కుకుంది. కొన్నాళ్ళకి తనే, "ఓసారి వెయ్యవే తల్లీ, నీ మొగుడు తిండీ తిప్పలూ మాని ఆ దవడలు ముందేసుకుని కూర్చున్నాడు," అనేది. నేను ఆ ఈలలు వింటూ పెరిగాను. ఇప్పటికీ ఎక్కడ ఈల వినపడినా నాకు ఆకలేస్తుంది.

ఇంత చెప్పింది ఎందుకంటే, ఆ ఈల పోయే రోజు వచ్చింది.

అత్తయ్య పళ్ళు తోముకునేటప్పుడు కుళాయి పూర్తిగా తిప్పేయడం మొదలుపెట్టింది. ఉమ్మిన నీళ్ళు ఎర్రగా ఉంటున్నాయని తరవాత తెలిసింది. ఆపిల్ ముక్క ఇస్తే "పులుపు" అని పక్కన పెట్టేది. ఒక రోజు పొద్దున ఆవిడ కొరికి పెట్టిన బ్రెడ్డు ముక్క మీద ఎర్రటి గీత చూసి, "ఏమిటత్తయ్యా ఇది?" అన్నాను.

"జామ్ అంటుకుందిలే," అంది.

వాళ్ళింట్లో జామ్ ఉండదు. మావయ్య కొననివ్వడు, పళ్ళు పాడవుతాయని. నేను ఆ మాటే అంటే, "నీకు కళ్ళజోళ్ళ దుకాణంలో పని లేదా?" అని కసిరి బ్రెడ్డు ముక్క చెత్తబుట్టలో పడేసింది. నాది ముక్కు మీద కోపం, నేనూ విసురుగా వచ్చేశాను.

మావయ్యకి మాత్రం ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆ ఆదివారం నేను పనిగదిలోనే ఉన్నాను. మోటారు తిరుగుతోంది. పైనుంచి ఈల వచ్చింది. మావయ్య మోటారు ఆపేసి, చేతిలో పళ్ళ సెట్టు అలాగే పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు.

"భోజనానికి పిలుస్తోంది, పద మావయ్యా," అన్నాను.

"గాలి పోతోందే," అన్నాడు.

"ఎక్కడ?"

"ఈల్లో. ఇదివరకు ఇలా లేదు. ముందుపళ్ళు జరిగాయి. సందు పెరిగింది." ఆయన పైకప్పు వంక చూశాడు. "చిగురు జబ్బు పడితే ఇంతే. పన్ను కింద నేల కుంగిపోతుంది. ముందు పళ్ళు విచ్చుకుంటాయి, తరవాత ఊగుతాయి, తరవాత…" మిగతాది అరల వైపు చూసి ఊరుకున్నాడు.

"అయితే డాక్టరుకి చూపిద్దాం."

"చూద్దాం, చూద్దాం," అని నీళ్ళు నమిలాడు. "చిగురు వదిలేసిన పన్ను మళ్ళీ నిలబడ్డం నా సర్వీసులో చూళ్ళేదే అమ్మడూ."

పళ్ళ గురించి ఆయన అన్నాక ఎదురుచెప్పడానికి నేనెవర్ని? అత్తయ్యకి పళ్ళు ఊడిపోతాయన్న దిగులు ఒక ఎత్తు, ఆ ముందుపళ్ళు పోతే ఈల కూడా పోతుందన్న దిగులు ఒక ఎత్తు. వాళ్ళిద్దరికీ పిల్లల్లేరు. ఇంట్లో సందడి అంటే ఆ మోటారూ ఈ ఈలే.

ఆ తరవాత మావయ్య పనిగది తలుపు మూసుకోవడం మొదలుపెట్టాడు. అది ఇంతకు ముందెన్నడూ లేని వింత. అడిగితే "దుమ్ము" అన్నాడు. ఎన్నో ఏళ్ళుగా దుమ్ములోనే బతుకుతున్న మనిషి.

ఒక సాయంత్రం ఆయన తయారైన సెట్టు ఇవ్వడానికి ఏదో క్లినిక్కుకి వెళ్ళాడు. అత్తయ్య, నేను ఆ గది ఊడ్చడానికి దిగాం. బల్ల మీద తడిగుడ్డ కప్పి ఏదో ఉంది. పైదవడనీ కిందిదవడనీ కలిపి బిగించే ఇత్తడి చట్రం అది. నోరు మూసినప్పుడు పళ్ళు సరిగా కలుస్తున్నాయో లేదో అందులో పెట్టి చూసుకుంటాడు. అత్తయ్య గుడ్డ ఎత్తింది. చట్రంలో మైనపు చిగురూ, దాని మీద పళ్ళూ. ముందు రెండు పళ్ళ మధ్య బియ్యపుగింజ పట్టేంత సందు. ఎడమ పన్ను కొంచెం లోపలికి తిరిగి ఉంది. దాని మూల చిటికెడు విరిగి ఉంది, ఎప్పుడో సోడా మూత పళ్ళతో తీయబోయి అత్తయ్య విరగ్గొట్టుకున్నట్టే. అచ్చు తీయకుండా, కొలత పెట్టకుండా, కేవలం మనసులో ఉన్నది చూసి చేశాడు. అత్తయ్య నవ్వు అచ్చంగా ఆ చట్రంలో కూర్చుని ఉంది.

నేను ఒక అడుగు వెనక్కి వేశాను. అత్తయ్య మాత్రం గుడ్డ జాగ్రత్తగా మళ్ళీ కప్పేసి, మావయ్య స్టూలు మీద కూర్చుండిపోయింది. మావయ్య వచ్చేదాకా అలాగే కూర్చుంది.

"ఎవరివండీ ఆ పళ్ళు?" అంది ఆయన రాగానే.

దొరికిపోయానని సిగ్గుపడాలి కదా. మా మావయ్య మొహం వెలిగిపోయింది! "చూశావా? ఇంకా పూర్తి కాలేదు. రంగు కుదరట్లేదు. నీది మామూలు తెలుపు కాదు, ట్రేలన్నీ వెతికా…"

"నా పళ్ళు నా నోట్లోనే ఉన్నాయి."

"ఉన్నాయిలే. కానీ ఉండవుగా," అన్నాడు మెత్తగా. "ఎవరి చేతో ఎందుకు చేయించాలి? నేనుండగా? ఒక్క రోజు కూడా నువ్వు బోసిగా ఉండకూడదనీ…"

"ఉండవని మీకెవరు చెప్పారు?"

"నేను రోజూ చూస్తున్నాగా! చిగురు జబ్బు వచ్చిన నోళ్ళే కదా ఇవన్నీ," అని అరలకేసి చెయ్యి తిప్పాడు. "ఒక్కటైనా నిలబడిందా?"

అత్తయ్య లేచింది. "ఊడినవాళ్ళవి మీ గదికొస్తాయి. నిలబడిన పళ్ళు మీ గదికి ఎందుకొస్తాయండీ?" అంది.

మావయ్య వెనక్కి తిరిగాడు. అరల వంక చూశాడు. ఇన్నేళ్ళుగా తన చుట్టూ ఉన్న ఆ దవడలే లోకం అనుకున్న మనిషికి, ఆ గది బయట పళ్ళున్న జనం కూడా ఉన్నారని అప్పుడే తట్టినట్టుంది. అత్తయ్య మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ఈల వేయడం మానేసింది.

ఈల లేకపోతే పిలవడమెలా? ఫోను చేసేది. మోటారు హోరులో ఫోను ఎవరికి వినపడుతుంది? చేసి చేసి విసుగొచ్చి, మెట్లు దిగి వచ్చి, ఆయన భుజం మీద ఒక్కటి పొడిచి, మాటా పలుకూ లేకుండా తిరిగి వెళ్ళిపోయేది. ఇద్దరూ మొహాలు చెరోవైపు పెట్టుకుని తినేవాళ్ళు. ఒక రోజు ఉండబట్టలేకపోయాను. "మావయ్యా, అత్తయ్య మీద నీకు ప్రేమ లేదని ఎవరన్నా అంటే నేను తంతాను. కానీ నీ ప్రేమ చూపించే తీరు చూస్తే నిన్నే తన్నాలనిపిస్తోంది," అన్నాను.

చివరికి నేనే అత్తయ్యని చిగుళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. మా పక్క వీధిలోనే ఉంది ఆవిడ క్లినిక్కు. వయసులో చిన్నది, నవ్వితే గోడలు అదురుతాయి. మావయ్యకి ఆవిడ బోర్డు తెలుసు గానీ మనిషి తెలీదు. "ఒక్క అచ్చూ పంపదు పాపం. వచ్చేవాళ్ళు లేరేమో," అని జాలిపడేవాడు. మాతో రాను రాను అంటూనే ఇస్త్రీ చొక్కా వేసుకుని, మాకు పది అడుగుల వెనక నడిచి వచ్చాడు. లోపలికి వెళ్తే కూర్చోవడానికి కుర్చీ లేదు. అంతమంది ఉన్నారు. మావయ్య గోడకి ఆనుకుని ఒక్కొక్కరి నోరే చూస్తూ నిలబడ్డాడు. అందరివీ సొంత పళ్ళు. ఊగినవీ, రంగు మారినవీ ఉన్నాయి గానీ, సొంతవే. నా చెవి దగ్గరికి వంగి, "వీళ్ళంతా ఎక్కణ్ణించి వచ్చారే?" అన్నాడు. మళ్ళీ అదే గుసగుస. గదంతా మావైపు తిరిగింది.

డాక్టరు సన్నటి పుల్లలాంటి పరికరం పంటికీ చిగురుకీ మధ్య దించి, లోతు ఎంతుందో ఒక్కొక్క అంకే పక్కనున్న అమ్మాయికి చెప్పింది. ఆరోగ్యంగా ఉన్న చిగురు పంటిని గట్టిగా పట్టుకుని ఉంటుందట. జబ్బు చేస్తే వదులై జేబులా తయారవుతుందట. వాళ్ళు పాకెట్ అనే అంటారు. ఆ జేబులో క్రిములు చేరి కింద ఎముకని తినేస్తాయట. అంకె పెద్దదయినప్పుడల్లా మావయ్య గుటక మింగాడు.

"కొంత ఎముక పోయిందమ్మా," అంది డాక్టరు ఎక్స్‌రే చూపించి. "పోయినదాని గురించి వదిలేయండి. ఉన్నది కాపాడుకోవాలి. ముందు పంటి వేళ్ళ దాకా గార గీకి శుభ్రం చేస్తాను. అసలు పని అదే. లోతు ఎక్కువున్న చోట్ల లేజర్ కూడా వాడదాం. చెడిపోయిన పొర వరకూ తీసేస్తుంది, క్రిములు తగ్గుతాయి, రక్తం పెద్దగా పోదు."

"చిగురు కాలిపోదాండీ?" అన్నాడు మావయ్య.

"వంట చేసేటప్పుడు మంట ఎంత పెట్టాలో మీ ఇంట్లో వాళ్ళకి తెలుసు కదండీ? నాకూ తెలుసు," అని నవ్వింది. తరవాత నవ్వు ఆపి, "మిగతావి నిలబడతాయనే నమ్మకం. ముందుపళ్ళలో ఎడమది మాత్రం బాగా వదులైంది. దానికి మాట ఇవ్వలేను," అంది.

ఎడమది. మూల విరిగిన పన్ను. సందుకి ఒకవైపు గోడ అదే. అది పోతే ఈల పోయినట్టే.

"ఇదంతా అయ్యాక ఈల వెయ్యొచ్చా?" అంది అత్తయ్య.

డాక్టరుకి ఇలాంటి ప్రశ్న ఎప్పుడూ ఎదురైనట్టు లేదు. "ఏదీ, ఒకసారి వేసి చూపించండి," అంది ముచ్చటగా.

అత్తయ్య పెదవులు తడుపుకుని, నాలుక కొస పళ్ళకి ఆనించి ఊదింది. బుస్సుమని గాలి మాత్రం వచ్చింది. మళ్ళీ ఊదింది. మళ్ళీ గాలే. గొడవపడి మానేసిందనుకున్నాం ఇన్నాళ్ళూ. ఈల రాక మానేసిందని అప్పుడు తెలిసింది. మావయ్య నేలచూపులు చూశాడు. నేను కిటికీలోంచి చూడ్డానికి ఏమీ లేకపోయినా చూశాను.

గార గీకే పని కొన్ని విడతల్లో అయింది. లేజర్ రోజున మావయ్య తనూ లోపల ఉంటానని పట్టుబట్టాడు. ఆ వెలుగు కళ్ళకి మంచిది కాదని గదిలో అందరికీ రంగు అద్దాల కళ్ళజోళ్ళు ఇచ్చారు. మావయ్యకి పెద్దదై ముక్కు మీంచి జారిపోతుంటే, ఆ ఒక్క పనైనా నాకు తెలుసు గనక, చెవుల మీద సర్ది పెట్టాను. అత్తయ్య కూడా పెట్టుకుంది. ముగ్గురం మోటారుసైకిలు పందేనికి వచ్చినట్టున్నాం.

చిగురు మొద్దుబారడానికి సూది వేశారు. అత్తయ్యకి ఒకవైపు డాక్టరు, రెండోవైపు సహాయం చేసే అమ్మాయి. చెయ్యి పట్టుకోవడానికి మావయ్యకి చోటు దొరకలేదు. కుర్చీ చివరికి వెళ్ళి ఆవిడ పాదం పట్టుకున్నాడు. కుట్టుదారమంత సన్నటి తీగ కొసని డాక్టరు ఒక్కో పంటి పక్కనా దించి నెమ్మదిగా కదిపింది. టిక్కు టిక్కుమని చప్పుడు. కాలిన వాసన కొంచెం. అక్కడక్కడా ఓ రక్తపు చుక్క, తుడిచేస్తే పోయేంత. నేను చూడలేక గోడమీది గడియారం చూశాను. మావయ్య మాత్రం కన్నార్పలేదు. పళ్ళమీదే జీవితం గడిపిన మనిషి, ప్రాణమున్న చిగురు మీద పని జరగడం చూడ్డం అదే మొదలు. ఆయన దగ్గరికి వచ్చే దవడ ప్లాస్టరుది. దానికి నెత్తురు రాదు. చెక్కినా గీకినా ఊరుకుంటుంది.

బయటికి వచ్చాక రంగు కళ్ళజోడు తిరిగి ఇవ్వడం కూడా మర్చిపోయి బెంచీ మీద కూర్చున్నాడు. "అది వణికిందే," అన్నాడు. "ఏది మావయ్యా?" అంటే, "చిగురు. సూది తగలగానే వణికింది. ప్రాణం ఉంటుంది దానికి. నేను మైనంతో చేసి చేసి…" అని ఆగిపోయాడు. కళ్ళు తుడుచుకోబోతే కళ్ళజోడు అడ్డం వచ్చింది. నాకు ఆయన మీద ఉన్న కోపమంతా అక్కడే పోయింది.

మెత్తటివి, చల్లటివి తినాలి. చెప్పేదాకా ఆ చోట బ్రష్షు తగలకూడదు, మందునీళ్ళు పుక్కిలించాలి. స్ట్రాతో తాగకూడదు. "ఈల ప్రయత్నాలు కూడా వద్దు, నేను చెప్పేదాకా," అంది డాక్టరు ప్రత్యేకంగా.

అప్పుడు చూడాలి మా మావయ్యని. అరటిపండు మెదిపి గిన్నెలో పెట్టి, సూపు చల్లారిందో లేదో చిటికెనవేలు ముంచి చూసి, ఆ వేలు ముంచినందుకు తిట్లు తిని, మళ్ళీ కొత్తది చల్లార్చి తెచ్చేవాడు. భోజనం వేళకి ఎవరూ పిలవకుండానే మోటారు ఆపేసి పైకి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడేవాడు. ఆవిడ పిలవలేదని గుర్తు చేయడం ఇష్టం లేక అలా వచ్చేవాడని నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. బ్రష్షు వాడొచ్చని డాక్టరు చెప్పిన రోజున కింద నుంచి పెద్ద ప్లాస్టర్ దవడ ఒకటి మోసుకొచ్చి, బ్రష్షు ఏ వాలులో పెట్టాలో పాఠం చెప్పబోయాడు.

"ఆ దవడ పట్టుకుని కిందికి పోతారా, దాంతోనే ఒకటి ఇమ్మంటారా?" అంది అత్తయ్య. చాన్నాళ్ళకి ఆవిడ ఆయన్ని తిట్టిన మొదటి తిట్టు అది. మావయ్య పండగ చేసుకున్నంత సంబరంగా మెట్లు దిగాడు.

రోజూ పొద్దున టార్చిలైటు వేసి చిగుళ్ళు చూసేవాడు. "ఎరుపు తగ్గింది. ఇక్కడ అంటుకుంటోంది," అని తనలో తనే మాట్లాడుకునేవాడు. ఒక రోజు ఆవిడ నోరు తెరిచి ఉంచే, "అప్పుడప్పుడు కళ్ళు కూడా చూస్తుండండి, పైనే ఉంటాయి," అంది. ఆయన నిజంగానే టార్చి ఆర్పేసి ఆవిడ కళ్ళలోకి చూశాడు. నేను పనుందని చెప్పి వచ్చేశాను.

నెలలు గడిచాక డాక్టరు మళ్ళీ ఆ పుల్లతో కొలిచింది. ఈసారి అంకెలు చిన్నవయ్యాయి. రక్తం రాలేదు. చిగుళ్ళు పంటిని పట్టుకున్నాయి. ఎడమ ముందుపన్ను ఊడలేదు గానీ ఇంకా కొంచెం కదులుతోంది. "దీన్ని పక్కపంటికి వెనకనుంచి సన్నటి తీగతో కట్టేస్తాను. బయటికి కనపడదు. శుభ్రంగా చూసుకుంటే చాలాకాలం ఉంటుంది," అంది డాక్టరు. అని, పనిముట్లు సర్దుకుంటూ, "పనిలో పనిగా ముందు సందు కూడా మూసెయ్యమంటారా? పంటి రంగులోనే ఉండే మందు నింపేస్తాను, పెద్ద పనేం కాదు," అంది.

అత్తయ్య నోట్లో దూది ఉంది. జవాబు చెప్పేలోగా మూలన కూర్చున్న మావయ్య స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు.

"వద్దండీ," అన్నాడు. "ఆ సందు జోలికి మాత్రం వెళ్ళకండి."

గదిలో ఆ మాట కొంచెం గట్టిగానే వినపడింది. అత్తయ్య దూది నోటితో తల తిప్పి ఆయన్ని చూసింది. ఆవిడ కంటి కొసల్లోంచి నీళ్ళు చెవుల వైపు జారాయి. దీపం కళ్ళలో పడిందని తరవాత చెప్పింది. ఆ దీపం నోటి మీద పడేది, కళ్ళ మీద కాదు. నేను అడగలేదు.

ఇంటికి వచ్చాక అత్తయ్య, "ఆ చట్రంలో పళ్ళేం చేశారు?" అంది.

"మైనం కరిగించేశాను. లేజర్ రోజు సాయంత్రమే. పళ్ళు ట్రేలో పడేశాను."

"అయ్యో, ఇంకోసారి చూద్దామనుకున్నానే. విరిగిన మూల కూడా పెట్టారు మహానుభావులు."

"చూడాలంటే అద్దంలో చూసుకో," అన్నాడు మావయ్య.

ఈలకి డాక్టరు ఒప్పుకున్నా, అత్తయ్య వెంటనే వేయలేదు. ప్రయత్నించి రాకపోతే ఏం చేయాలన్న భయం కాబోలు. మేమూ అడగలేదు. మావయ్య భోజనం వేళకి తనంతట తనే పైకి వెళ్తూనే ఉన్నాడు.

ఒక ఆదివారం నేను పనిగదిలో ఉన్నాను. ఎవరిదో అర్జెంటు సెట్టు పాలిష్ చేస్తూ ఆయన వేళ మర్చిపోయాడు. మోటారు హోరుమంటోంది. దాని మీదుగా పైనుంచి ఈల వచ్చింది. ఇదివరకటి ఈల కాదు. కొంచెం లావుగా, చివర కొంచెం గాలితో ఉంది. కానీ ఈలే. పొట్టి ఈల, భోజనానికి పిలిచేది.

మావయ్య మోటారు ఆపేశాడు. చేతిలో సెట్టు అలాగే పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. "గాలి పోతోందా మావయ్యా?" అన్నాను. ఆయన నావైపు చూడలేదు.

మళ్ళీ ఈల వచ్చింది. ఆయన లేవలేదు. ఈసారి కోపంగా, పొడుగ్గా సాగదీసి వచ్చింది. అయినా లేవలేదు. కాసేపటికి మెట్ల మీద దబదబా అడుగుల చప్పుడయి, అత్తయ్య గరిటెతో సహా గుమ్మంలోకి వచ్చింది.

"మోటారు కూడా ఆపుకుని కూర్చున్నారు! ఇన్నిసార్లు వేశాను, వినపళ్ళేదా?"

"మొదటిసారే వినపడింది," అన్నాడు మావయ్య.

"మరి రారేం?"

ఆయన చేతిలో సెట్టు బల్ల మీద పెట్టి, ఆవిడ నోటి వంక కాకుండా కళ్ళలోకి చూశాడు.

"మళ్ళీ వేస్తావని," అన్నాడు.